బ్రేకు ఆయిలు నిండుకుంది

పర్చూరులో నా షెడ్డు మూసేసి మూడేళ్ళయింది. ఈ మధ్య ఐటీఐలో మోటారు మెకానిక్ కోర్సు చెప్పే మాస్టారు ఒకాయన ఇంటికొచ్చి, "మా పిల్లల కోసం మీ అనుభవాలు నాలుగు పేజీలు రాసివ్వండి సామేలు గారూ" అన్నారు. నాలుగేమిటి, నలభై రాస్తానన్నాను. తీరా కూర్చుంటే, ఏది మొదలుపెట్టినా ఒక నీలం కారు దగ్గరికే వచ్చి ఆగుతోంది. ఇక దాన్ని తప్పించుకోవడం మానేశాను.

షెడ్డు ఎప్పుడు పెట్టాను, బోర్డు ఎప్పుడు మార్పించాను, ఎవరు శాలువా కప్పారు, ఇవేవీ రాయను. అవి చదివితే ఒక్క నట్టు బిగించడం కూడా రాదు. నాకు పని నేర్పిన ఒక మనిషి గురించి రాస్తాను. నా చేతుల మీదుగా పోయిన ఒక మనిషి గురించి రాస్తాను. నా మూలంగా బతికుండగానే చచ్చిన ఇంకో మనిషి గురించి రాస్తాను. దీన్ని పిల్లలకు ఇస్తారో, పక్కన పడేస్తారో మాస్టారి ఇష్టం.

మేస్త్రి వేలు

మా నాన్న చర్చిలో గంట కొట్టేవాడు. మిగతా రోజుల్లో పొగాకు చేలో కూలి. నేను చదువు చాలించి గుంటూరులో మస్తాన్ మేస్త్రి షెడ్డులో చేరాను. మేస్త్రికి అక్షరం ముక్క రాదు. మాట్లాడటం తక్కువ, తిట్టడం ఎక్కువ. ఆయన కుడిచేతి చూపుడు వేలు ఎప్పుడూ నల్లగా ఉండేది. పండక్కి సబ్బు పెట్టి తోమినా తెల్లబడేది కాదు. ఎందులో ఆయిలు ఉందో లేదో ఆ వేలు పెట్టి చూసేవాడు. గేజీ చేతిలో ఉన్నా సరే, వేలే.

ఒకసారి పత్తి మిల్లు లారీ వచ్చింది. డ్రైవరు దిగుతూనే "ఇంజనాయిలు నిన్ననే పోయించాం" అన్నాడు. నేను సరేనని స్టార్టు చేసి, శబ్దం ఎక్కడ వస్తోందో విందామని చెవి పెట్టాను. లోపల చువ్వలు విరుగుతున్నట్టు మోగింది. మేస్త్రి టీ గ్లాసు పారేసి పరిగెత్తుకొచ్చి ఇంజను కట్టేశాడు. మూత తీసి వేలు పెట్టాడు. ఆ వేలు నా చెంప మీద రాశాడు.

"ఏమన్నా అంటిందా?"

"లేదు మేస్త్రీ."

"మరి నిన్న పోయించింది ఏంటిరా, మాటలా?"

లారీ డ్రైవరు గొణుగుతూ, పొయ్యమని క్లీనరుకి చెప్పానన్నాడు. మేస్త్రి అతన్ని ఏమీ అనలేదు. నా వైపే చూస్తూ అన్నాడు. "ఒరేయ్ సామేలూ, మనిషి అబద్ధమే చెప్పక్కర్లేదు. వాడు ఇంకొకడికి చెప్పుంటాడు, ఆ ఇంకొకడు తలూపుంటాడు. చెప్పింది వినకు. మూత తియ్యి. వేలు పెట్టు."

ఇన్నేళ్ళ పనిలో నేను నేర్చుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా దీని మీద కట్టిన గోడ. మీలో ఎవరికైనా తొందరగా ఉంటే ఇక్కడితో చదవడం ఆపేసి వెళ్ళి పని చేసుకోవచ్చు.

అయినా నేను ఒక్కసారికే నేర్చుకునే రకం కాదు. మిరప కోతల కాలంలో ఒక జీపు వేడెక్కుతోందని తెచ్చారు. చేల నుంచి యార్డుకి మిరపకాయ బస్తాలు తోలే జీపు. చూడకుండానే వాటర్ పంపు పోయిందని తేల్చి, పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అన్నీ విప్పాను. తుమ్మీ తుమ్మీ కళ్ళు వాచాయి. మేస్త్రి వచ్చి ముందున్న జాలీ మీద చెయ్యి పెట్టి దులిపితే గుప్పెడు మిరప తొక్కలు రాలాయి. గాలి ఆడక వేడెక్కింది, అంతే. "నీకు తెలివి ఎక్కువైంది, కళ్ళు తక్కువయ్యాయి" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. అప్పట్లో నా తప్పులకి తుమ్ములతో సరిపోయేది.

శేషు

శేషు అసలు పేరు శేషాచార్యులు. పర్చూరు పక్క ఊళ్ళో గుడి పూజారి గారి రెండో కొడుకు. మంత్రాలు నేర్చుకోమంటే ట్రాక్టరు నేర్చుకున్నాడు. పత్తి మిల్లులో డ్రైవరుగా చేరి, మిల్లు బళ్ళన్నీ పర్చూరులో నేను పెట్టిన షెడ్డుకే తెచ్చేవాడు. అలా స్నేహితులమయ్యాం. మిల్లు యజమాని మూలన పడేసిన పాత కారొకటి ఉంటే, అడిగి తెచ్చుకుని ఇద్దరం కలిసి లేపాం. బరువు తగ్గాలని వెనక సీటు, తలుపుల లోపలి అట్టలు, చివరికి హారను కూడా పీకేశాం. నీలం రంగు వేశాం. ఆ యజమాని గురించి ఒక్క మాట. కారు గెలిచినన్నాళ్ళు "నా కారు" అన్నాడు. ఆ రోజు తర్వాత "ఆ కుర్రాళ్ళ కారు" అన్నాడు. బాసుల్లో ఎక్కువ మంది ఇంతే, దానికి బాధపడుతూ కూర్చోకండి.

కనిగిరి వైపు మెట్టలో దొరల కాలంనాటి విమానాల మైదానం ఒకటి ఉండేది. ఏటా మిరప కోతలు అయ్యాక అక్కడ రేసులు పెట్టేవాళ్ళు. రెండేసి కార్లు పరిగెత్తేవి. రన్‌వే చివరిదాకా వెళ్ళి, అక్కడున్న డ్రమ్ము చుట్టూ తిరిగి వెనక్కి రావాలి. అలా మూడు చుట్లు. ఇప్పటి పిల్లలు టీవీలో చూసేలాంటి రేసు కాదది. అందరికీ కలిపి ఒకటే హెల్మెట్, ఎవరి వంతు వస్తే వాళ్ళు పెట్టుకునేవాళ్ళు. నడుముకి బెల్టు బదులు ఎడ్లని కట్టే పలుపు. జనానికీ కార్లకీ మధ్య పొట్టు నింపిన గోతాలు. నా కళ్ళ ముందే అక్కడ ఇద్దరు పోయారు. మరుసటి ఏడు మళ్ళీ జనం బళ్ళు కట్టుకుని వచ్చారు. మేమూ వెళ్ళాం. ఆ చావుల్ని చూసి మేము భయపడలేదు, అదే మా తప్పు.

శేషుని జనం ఎందుకంత ప్రేమించారో చెప్పడం కష్టం. వేగంగా తోలేవాళ్ళు ఇంకా ఉన్నారు. శేషు డ్రమ్ము దగ్గర మలుపు తిరిగేటప్పుడు స్టీరింగు మీది నుంచి ఎడమ చెయ్యి తీసి, జనం వైపు ఎత్తి చూపేవాడు. ఒక్క క్షణమే. ఆ చెయ్యి కోసం మిరప కోత కూలి ఆడవాళ్ళు కూడా వచ్చి నిలబడేవాళ్ళు. "శేషయ్యా, మెల్లిగా పో నాయనా!" అని అరిచేది వాళ్ళే, మెల్లిగా పోతే తిట్టేదీ వాళ్ళే. మామూలు రోజుల్లో దారిలో ఎవరు చెయ్యెత్తినా మిల్లు జీపు ఆపి ఎక్కించుకునేవాడు. ఒకసారి పేరు చెబితే మర్చిపోయేవాడు కాదు. అంత దూరం నుంచి, అంత దుమ్ములో, పేరు పెట్టి పిలిచేవాడు. మా నాన్న లాంటివాళ్ళని పేరు పెట్టి, పైగా గారు చేర్చి పిలిచే పూజారి గారి అబ్బాయి ఆ రోజుల్లో ఇంకొకడు లేడు.

గుడి వదిలేసినా గుడి అతన్ని పూర్తిగా వదల్లేదు. రేసు రోజు పొద్దున్నుంచి నోటి వెంట ఒక్క చెడ్డ మాట రానిచ్చేవాడు కాదు. "లేదు" అనడు. "అయిపోయింది" అనడు. మేము అన్నా ఊరుకోడు. పంచరు పడితే "చక్రం నిద్రపోయింది" అనేవాడు. మేము పడీ పడీ నవ్వేవాళ్ళం. ఒకసారి వాళ్ళింటికి వెళ్తే, వాళ్ళమ్మగారు అరుగు మీద కూర్చోబెట్టి, "కాఫీపొడి నిండుకుంది నాయనా, మజ్జిగ ఇస్తానుండు" అన్నారు. ఆవిడ లోపలికి వెళ్ళాక శేషు నా డొక్కలో పొడిచి, "మా ఇంట్లో ఏదీ అయిపోదురోయ్. అన్నీ నిండుకుంటాయి" అన్నాడు.

ఆ మాటకు అర్థం నాకు తెలియదనుకోకండి. మా అమ్మా బియ్యం తపేలా బోర్లించి అదే మాట అనేది. డబ్బా ఖాళీ అయిందని చెప్పడానికి నోరు రాక నిండుకుందనేవాళ్ళు. కానీ అది వంటింటి మాట. షెడ్డులో ఆ మాట ఎప్పుడూ వినలేదు. షెడ్డులో ఆయిలు ఉంటే ఫుల్లు, లేకపోతే డౌను.

ఆ రోజు

శేషుకి సరిజోడు పొన్నూరు కారు. దాని మెకానిక్ వీరాస్వామి నాకంటే మంచి పనివాడు. ఇప్పుడు రాయడానికి సిగ్గు లేదు. అప్పుడు ఎవరైనా ఆ మాటంటే నాకు ఒళ్ళు మండేది.

పొద్దుట మొదటి పరుగులో శేషు గెలిచాడు. రెండో పరుగు పొన్నూరు కారుతో. మధ్యలో గంట సేపు విరామం. నేను ముందు చక్రం దగ్గర కూర్చుని నట్లు బిగిస్తున్నాను. వీరాస్వామి మా కారు వెనక నుంచి నడుచుకుంటూ పోవడం చూశాను. శేషుతో ఏదో మాట్లాడాడు. ఏం మాట్లాడాడో వినలేదు, విందామనీ అనుకోలేదు. వాడి మొహం చూడటమే నాకు ఇష్టం లేదు.

కాసేపటికి శేషు వచ్చి బానెట్ ఎత్తాడు. లోపలికి వంగి, ఇంజను పక్కనున్న బ్రేకు ఆయిలు డబ్బా మూత తీసి చూశాడు. నా తల పైనుంచి అన్నాడు. "ఒరేయ్ సామేలూ, బ్రేకు ఆయిలు నిండుకుందిరా."

"సరే" అన్నాను.

అంతే. నాకు వినపడకపోవడం కాదు. స్పష్టంగా వినపడింది. నా చేతిలో పానా ఉంది, మనసు క్లచ్చి మీద ఉంది. చెవిలో "నిండు" అన్న మాట పడింది, అది మంచి మాటే కదా అని మనసు సర్దుకుంది. నేను "సరే" అన్నది విని, వీడు పోస్తాడులే అని శేషు అనుకున్నాడు. డ్రైవర్లని పేర్లు పిలుస్తుంటే అటు వెళ్ళిపోయాడు. నేను లేచి, తెరిచి ఉన్న బానెట్ దించి, తోలు పట్టీ బిగించాను. బ్రేకు ఆయిలు డబ్బా నా మోచేతికి జానెడు దూరంలో ఉంది. మూత తియ్యలేదు, వేలు పెట్టలేదు. శేషు తిరిగొచ్చి పట్టీ బిగించి ఉండటం చూసి, నా భుజం తట్టి ఎక్కాడు.

ఆ పాత కార్లలో నాలుగు చక్రాలకీ బ్రేకు ఆయిలు ఒకటే దారిలో పోయేది. ఒక్క చోట కారితే నాలుగూ పోతాయి. డబ్బా ఖాళీ అయినా పైపుల్లో ఉన్నదాంతో కాసేపు బ్రేకు పడుతుంది. అందుకే రెండు చుట్లు బ్రేకు పట్టింది. రెండోసారి డ్రమ్ము దగ్గర ఎడమ చెయ్యి కూడా ఎత్తాడు.

మూడోసారి ఎత్తలేదు. నేను దూరం నుంచి చూస్తున్నాను. తగ్గాల్సిన చోట కారు తగ్గలేదు. ఎదురుగా గోతాల వెనక జనం ఉన్నారు. శేషు జనం వైపు నుంచి కారు తిప్పేశాడు. అటుపక్క దొరల కాలం సిమెంటు దిమ్మె ఉంది. దాన్ని కొట్టాడు. ఇప్పటికీ ఆ శబ్దం గురించి రాయలేను.

నేను వెళ్ళేసరికి శేషుని బయటికి తీశారు. ఊపిరి లేదు. ఆడవాళ్ళ ఏడుపులో నేను చేసిన పనేమిటో తెలుసా? వంగిపోయిన బానెట్ సందులోంచి చెయ్యి దూర్చి డబ్బా మూత తీశాను. డబ్బా వంగింది గానీ పగల్లేదు. ఆ రోజు మొట్టమొదటిసారి వేలు పెట్టాను. వేలికి ఏమీ అంటలేదు. అప్పుడు శేషు అన్న మాట మళ్ళీ వినపడింది, ఈసారి అర్థంతో సహా.

నా నోటి మాట

ఎవరో నా చొక్కా పట్టుకున్నారు. "నువ్వేగా మెకానిక్కువి? బ్రేకు ఆయిలు చూశావా?" చుట్టూ మనుషులు, కర్రలు, దుమ్ము. వెంటనే సమాధానం చెప్పాను.

"చూశాను. నిండుగా ఉంది."

భయపడ్డాను. అంతకంటే వేరే కారణం లేదు. తర్వాత చాలాసార్లు దీనికి మంచి కారణం వెతికాను, దొరకలేదు.

ఆ మాట తర్వాత మిగతాదంతా దానంతటదే జరిగింది. ఆయిలు నిండుగా ఉంటే బ్రేకు ఎందుకు పోయింది? ముందు చక్రం దగ్గర పైపు తెగి ఉంది. దిమ్మెకి కొట్టుకుంటే తెగకుండా ఉంటుందా? కానీ అప్పటికే ఎవరో అరిచారు, పొన్నూరు మెకానిక్ కారు చుట్టూ తిరగడం చూశామని. నేను శేషుతో ఆసుపత్రికి వెళ్ళిపోయాను. నేను వెళ్ళాక వీరాస్వామిని కొట్టారని మర్నాడు తెలిసింది. పోలీసులు ప్రమాదమని రాసుకుని వెళ్ళిపోయారు. జనం మాత్రం అలా రాసుకోలేదు. పర్చూరు నుంచి కనిగిరి దాకా వీరాస్వామికి ఒకటే పేరు, పైపు కోసినోడు.

మెకానిక్‌కి నమ్మకమే పని. పైపు కోసినవాడి షెడ్డుకి బండి ఎవరు తెస్తారు? ఏడాది తిరక్కుండా షెడ్డు మూసేశాడు. పొలాల్లో నీళ్ళ ఇంజన్లు బాగుచేస్తూ తిరిగాడు. రాత్రికి రాత్రి ఊరు వదిలి పోవచ్చు గదా అనేవాళ్ళు. పోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని పొన్నూరులోనే ఉండిపోయాడట. నా షెడ్డుకి మాత్రం బళ్ళు వరుస కట్టాయి. శేషు మెకానిక్ అని దూరాల నుంచి వచ్చేవాళ్ళు. గోడకి శేషు ఫొటో పెట్టుకున్నాను. ఆ ఫొటో కింద కూర్చుని నలభై ఏళ్ళు తిండి తిన్నాను.

ఏసు ప్రభువు ముందు మోకాళ్ళ మీద ఎన్నిసార్లు ఒప్పుకున్నానో లెక్క లేదు. ఆయన దగ్గర ఒప్పుకోవడం తేలిక. ఆయన పొన్నూరులో ఉండడు.

మణి

కిందటి ఏడాది వీరాస్వామి కూతురు మణి మా ఇంటికి వచ్చింది. బళ్ళో టీచరు, ఆవిడా రిటైర్మెంటుకి దగ్గర పడింది. మంచినీళ్ళు కూడా తాగలేదు. నిలబడే అడిగింది.

"నాన్నకి బాగోలేదండి. మీ దగ్గరికి పంపింది ఆయనే. ఒక్కటే అడగమన్నాడు. ఆ రోజు ఆయిలు డబ్బా మూత తీసి చూశారా, చూడలేదా?"

నా భార్య వంటింటి గుమ్మంలో ఉంది. ఆవిడకి కూడా నేనెప్పుడూ చెప్పలేదు.

"కోతలయ్యాక శేషు సభ ఉందమ్మా. అక్కడే చెబుతాను. అందరి ముందూ చెబుతాను" అన్నాను.

"ఆయన అంతదాకా ఉంటాడో లేదోనండి. ఇప్పుడు నాతో చెప్పినా చాలు" అంది.

"సభలోనే చెబుతానమ్మా" అన్నాను.

గొప్పగా, పది మందిలో ఒప్పుకోవాలని అనుకున్నాను. అది కూడా పిరికితనమేనని ఇప్పుడు తెలుస్తోంది. సభకి నెల ముందు వీరాస్వామి పోయాడు.

సభ

శేషు అభిమానులు ఏటా ఆ మైదానానికి వెళ్తారు. నడిపించేది బ్రహ్మయ్య, పర్చూరులో విత్తనాల కొట్టు ఉంది. ఆ రోజు డ్రమ్ము దగ్గర గోతాల వెనక నిలబడ్డవాళ్ళలో అతనొకడు. శేషు కారు తిప్పింది తన ప్రాణం కోసమేనని అతని నమ్మకం. అందులో అబద్ధం లేదు కూడా. అక్కడొక డ్రమ్ముకి నీలం రంగు వేసి దండ వేస్తారు. పాతవాళ్ళం పది మందిమి మిగిలాం. వచ్చేదంతా శేషుని చూడని కుర్రాళ్ళు. పెద్ద ఫ్లెక్సీ, మైకు, షామియానా. ఫ్లెక్సీ మీద శేషు పక్కన ఏదో కొత్త విదేశీ కారు బొమ్మ అంటించారు. శేషు చూస్తే నవ్వేవాడు.

నాకు శాలువా కప్పి మైకు ఇచ్చారు. జనం వెనక మణి నిలబడి ఉంది. ఆవిణ్ణి నేనే పిలిచాను. మైకులోనే చెప్పాను.

"శేషు చావుకి కారణం నేను. వీరాస్వామి పైపు కోయలేదు. బ్రేకు ఆయిలు నిండుకుందని శేషు నాతో చెప్పాడు. నేను పట్టించుకోలేదు. మూత తీసి చూడకుండానే, చూశానని మీ అందరికీ అబద్ధం చెప్పాను."

ముందు వరసలో ఫోనుతో వీడియో తీస్తున్న కుర్రాడు లేచి, ఎంతో జాలిగా అన్నాడు. "తాతగారూ, నిండుకుందని ఆయనే చెప్పాడుగా? నిండుకుందంటే ఫుల్లుగా ఉందనే కదా! మళ్ళీ మీరు చూసేదేముంది? మీ తప్పేం లేదు తాతగారూ!"

చప్పట్లు కొట్టారు.

"కాదు బాబూ, నిండుకుందంటే..." అంటుండగానే బ్రహ్మయ్య వచ్చి మైకు అందుకున్నాడు. అతనికి ఆ మాట తెలియకపోవడమేమిటి? నా వయసువాడే. నా మొహం చూశాడు, అంతా అర్థమైంది. మైకులో మాత్రం ఇలా అన్నాడు. "సామేలుకి శేషు అంటే ప్రాణం. ఆ దిగులు ఇన్నేళ్ళకీ పోలేదు. ఎవడో చేసిన పాపం తన నెత్తిన వేసుకుంటున్నాడు. ఇంత పెద్ద మనసు ఎవరికుంటుందయ్యా?"

ఇంకా గట్టిగా కొట్టారు చప్పట్లు. నన్ను చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాక బ్రహ్మయ్య గొంతు తగ్గించాడు.

"ఎందుకయ్యా ఇప్పుడు? వాడూ పోయాడు, వీడూ పోయాడు."

"వీరాస్వామి పైపు కోయలేదు బ్రహ్మయ్యా."

"తెలిసిందిలే. మా అందరి కోసం ప్రాణమిచ్చిన మనిషి, ఆయిల్లేక చచ్చాడంటే ఏం బాగుంటుంది? ఈ పిల్లలకి ఏమని చెప్పమంటావు?"

నేను అతన్ని తిట్టలేదు. నలభై ఏళ్ళుగా నేను పెట్టిన తిండే అతను తింటున్నాడు.

మణి షామియానా బయట ఎండలో ఉంది. దగ్గరికి వెళ్ళాను. "మా ఇంట్లోనూ ఆ మాటే అంటామండి. నాకు అర్థమైంది" అంది. ఆ వెంటనే, "శేషు గారు ఆ టైములో డబ్బా ఎందుకు తెరిచి చూశారో మీరెప్పుడన్నా ఆలోచించారా?" అని అడిగింది.

లేదన్నాను. నిజంగానే ఎప్పుడూ ఆలోచించలేదు.

"మీ కారు వెనక చక్రం కింద తడి కనపడిందట నాన్నకి. శేషు గారితో చెప్పాడు, ఆయిలు కారుతున్నట్టుంది, చూపించుకో అని. అందుకే మీ కారు దగ్గరికి వచ్చాడు. జనం పట్టుకున్నప్పుడు కూడా ఇదే చెప్పాడండి. కోసినోడివి కాకపోతే తడి సంగతి నీకెలా తెలుసని ఇంకా కొట్టారు. ఆ తర్వాత ఇంక ఎవరికీ చెప్పలేదు."

శేషుని బతికించాలని చూసింది ఆ మైదానంలో ఒక్కడే. నేను మొహం తిప్పుకున్నది అతని నుంచే. మణి చేతులు పట్టుకుందామనుకున్నాను. ఆవిడ చేతిసంచి సర్దుకుని బస్సుకి వెళ్ళిపోయింది.

ఫోను

వారం తర్వాత మణి ఫోను చేసింది. సభలో ఆ కుర్రాడు తీసిన వీడియో అందరి ఫోనుల్లోకి వచ్చిందట. నా మనవరాలిని అడిగి నేనూ చూశాను. నేను మాట్లాడిందంతా లేదు. "బ్రేకు ఆయిలు నిండుకుందని శేషు నాతో చెప్పాడు" అన్న ముక్క, వెంటనే చప్పట్లు, బ్రహ్మయ్య మాటలు, వెనక సంగీతం. కింద జనం రాసినవి మనవరాలు చదివి వినిపించింది. చాలామంది దణ్ణాలు పెట్టారు. ఒకతను ఇలా రాశాడు. "ఆయిలు నిండుగా ఉందని మెకానిక్ తాతే సాక్ష్యం చెప్పాడు. నిండుగా ఉన్నా బ్రేకు పోయిందంటే పైపు కోసినట్టే కదా. ఆ పొన్నూరోడు శిక్ష పడకుండానే పోయాడు." దాని కింద అవును అవును అని వరసగా రాశారు.

ఫోనులో మణి ఏడవలేదు. టీచరు గొంతుతోనే మాట్లాడింది. "మా మనవడి క్లాసులో ఎవరో చూపించారటండి. ఆ పొన్నూరోడు మన ముత్తాతేనా అని వచ్చి అడిగాడు. మీరు చెప్పకుండా ఉంటే ఆ పేరు నాన్నతో పోయేది."

ఆ మాటతో ఆవిడ ఫోను పెట్టేసింది.

మాస్టారూ, మీ పిల్లలకి చెప్పండి. ముసలాళ్ళు తప్పు ఒప్పుకుంటే మనసు తేలికవుతుందంటారు, నాకేమీ తేలికవలేదు. ఒప్పుకోవడానికీ ఒక సమయం ఉంటుంది. వీరాస్వామిని కొట్టారని తెలిసినప్పుడు అది ఉంది, మణి మా గుమ్మంలో నిలబడినప్పుడు కూడా ఉంది. సభలో లేదు. పైగా అక్కడ శేషు మాటని శేషు మాటలాగే చెప్పి చెడగొట్టాను. ఆ మాట తెలిసినవాళ్ళు వినదలుచుకోలేదు, వినేవాళ్ళకి ఆ మాట తెలియదు.

అందుకని రేసు రోజు శేషు ముందు అనకూడని మాటతోనే, ఎవరూ ఇంకోలా అనుకోకుండా రాస్తున్నాను. ఆ డబ్బాలో ఆయిలు లేదు. వీరాస్వామి పైపు కోయలేదు. నేను మూత తియ్యలేదు.